ఫోటోలో మిగిలిన భుజం

బుధవారం ఉదయం వంతెన దాటగానే స్తామెంకా చావు నోటీసుల స్తంభం దగ్గర ఆగింది. రేచినాలో పనికి వెళ్ళే వాళ్ళందరూ అక్కడ ఒక నిమిషం ఆగుతారు. నల్లంచు కాగితం, పైన సిలువ, మధ్యలో ఫోటో, పోయినవాళ్ళ పేరు, వయసు, అంత్యక్రియల వేళ, కింద ఏడ్చేవాళ్ళ పేర్లు. నది మీద నుంచి లేచిన మంచు స్తంభాన్ని నడుం దాకా మింగేసింది. ఆమె కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా జరిగింది.

కొత్త నోటీసు ఒకటుంది. ఫోటోలో మనిషి నవ్వుతున్నాడు. చావు నోటీసులో నవ్వే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. అందుకే ముఖం పోల్చుకోలేక ముందు పేరు చదివింది.

"మా బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ వుక్సాన్ తెర్జిచ్ తన యాభై రెండో ఏట మమ్మల్ని విడిచి వెళ్ళారని విచారంతో తెలియజేస్తున్నాము. అంత్యక్రియలు శనివారం సాయంత్రం ఏడు గంటలకు క్రీడామందిరంలో జరుగుతాయి. దుఃఖిస్తున్నవారు: రేచినా ప్రజలు."

శనివారం ఏడు గంటలకు క్రీడామందిరంలో ఉన్నది సీజన్ ఆఖరి మ్యాచి. ఓడితే జట్టు కింది లీగుకు పోతుంది. అంటే ఇది ఎవరో చేసిన వెటకారం. అది అర్థమయ్యాక ఆమెకు ఊపిరి ఆడింది. మరుక్షణమే మళ్ళీ ఆగిపోయింది. ఫోటోలో కోచ్ పక్కన, నల్లంచును ఆనుకుని, ఇంకొకరి భుజం ఉంది. ఆ భుజం మీద పువ్వుల శాలువా. ఎర్రపువ్వులు అచ్చులో బూడిదరంగుకు తిరిగాయి. ఆమె తల వంచి తన భుజం చూసుకుంది. అదే శాలువా.

చెయ్యి కాగితం అంచు దాకా వెళ్ళింది. కానీ ఆ ఊళ్ళో చావు నోటీసును మనుషులు చింపరు. వాన తీసెయ్యాలి, లేదా గాలి తీసెయ్యాలి. స్తామెంకా చెయ్యి వెనక్కి తీసుకుని, శాలువా మడిచి సంచిలో అడుగున పెట్టింది.

రాదిశ దుకాణం వంతెన అవతలే. చనిపోయిన భర్తకు తమ్ముడతను. సమాధి రాళ్ళు చెక్కుతాడు, నోటీసులు అచ్చు వేస్తాడు, మ్యాచిలప్పుడు డప్పు కొడతాడు. ఆమె వెళ్ళేసరికి నల్లరాతి మీద ఎవరిదో గడ్డం చెక్కుతున్నాడు.

"రాదిశా, ఏంటి నువ్వు చేసిన పని?"

"రా వదినా, కూర్చో. కాఫీ పెట్టనా?"

"క్లబ్బు గోడకి పటం కట్టిస్తానని కదా నా దగ్గర ఆ ఫోటో పట్టుకెళ్ళావు!"

"కట్టాను కదా. నల్లపటం." ఉలి పక్కన పెట్టి రాతిపొడి ఊదాడు. "నవ్వేది అదొక్కటే దొరికింది మరి. మిగతా అన్నింటిలో ముందే శవంలా ఉన్నాడు."

"నా భుజం కూడా అచ్చేశావు."

రాదిశ ఉలి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "కత్తిరించాననుకున్నా," అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "అయినా ఎవరు చూస్తారు వదినా భుజాన్ని? స్త్రాహిన్యా మన ఊరి బిడ్డ. పన్నెండేళ్ళు ఈ జట్టు కోసం మోకాళ్ళు అరగదీసుకున్నాడు. కెప్టెను! వీడెక్కడి నుంచో దిగి వాణ్ణి బెంచీ మీద కూర్చోబెడితే నోరు మూసుకోవాలా? రోజూ పొద్దున్నే వాడి కొక్కేనికి తెల్లచొక్కా తగిలించేది నువ్వే కదా. నీకు చెయ్యి ఎలా వస్తుంది?"

నిజమే, తగిలించేది తనే. ఆగస్టులో కొత్త కోచ్ వచ్చినప్పటి నుంచి అదే పద్ధతి. పొద్దున్న ఏడున్నరకు ఆయన క్రీడామందిరంలో ఆమె బట్టలుతికే చాకిరేవు గదికి వచ్చి, చిన్న కాగితం మీద అంకెలు రాసి ఇస్తాడు. మొదటి అయిదుగురికి నీలం చొక్కాలు, మిగతావాళ్ళకు తెల్లవి. ఎవరు ఆడతారో ఆటగాళ్ళకంటే ముందు ఉతికే మనిషికి తెలుస్తుంది. నవంబరు నుంచి తొమ్మిదో కొక్కెం మీద తెల్లదే వేలాడుతోంది. స్త్రాహిన్యా ఏమీ అనడు. చొక్కా తీసి, ఒకసారి ముక్కుకు ఆనించుకుని, తొడుక్కుంటాడు.

తిరిగి వస్తూ ఆమె స్తంభం దగ్గర మళ్ళీ ఆగాల్సి వచ్చింది. మంచులో ఒక మనిషి నిలబడి నోటీసు చదువుతున్నాడు. బూడిదరంగు కోటు, పొట్టి జుట్టు. కోచ్ వుక్సాన్. తన చావును తానే, పెదవులు కదుపుతూ, పూర్తిగా చదువుకుంటున్నాడు. చదవడమయ్యాక జేబులోంచి కలం తీశాడు. యాభై రెండు కొట్టేసి, పక్కన యాభై ఒకటి అని రాశాడు. కలం మూత పెట్టి, ఎటూ చూడకుండా క్రీడామందిరం వైపు నడిచిపోయాడు.

గురువారం నాటికి ఊరు మారిపోయింది. నవ్వుకుంటారనుకున్న వాళ్ళు నవ్వలేదు. పొద్దున్న రొట్టెల కొట్టులో స్తామెంకా వరసలో నిలబడి ఉండగా కోచ్ వచ్చాడు. అంతవరకు వాగుతున్న మిలుంకా గొంతు తగ్గించింది. రొట్టెను కాగితంలో చుట్టి, ఆయన చాచిన చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి, వేళ్ళు చటుక్కున వెనక్కి లాక్కుంది. ఆయన రొట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

"పాపం, మర్యాదస్తుడిగానే బతికాడు," అంది మిలుంకా తలుపు మూసుకున్నాక.

"ఇప్పుడే కదే వెళ్ళాడు, మిలుంకా!" అంది స్తామెంకా.

"వెళ్ళాడులే. నాకు తెలీదా అది వేళాకోళమని. కానీ పేరు నల్లంచులో చూశాక చెయ్యి ముందుకు రాదమ్మా. నీకొస్తుందా?"

ప్రాక్టీసులోనూ అంతే. చాకిరేవు గదికి ఉన్న చిన్న కిటికీలోంచి కోర్టు సగం కనిపిస్తుంది. ఈల మోగినప్పుడల్లా పన్నెండు మందీ ఆగుతున్నారు, చెప్పింది చేస్తున్నారు, కానీ ఒక్కరూ ఆయన ముఖం వంక చూడటం లేదు. గోడలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు నేలకేసి చూస్తూ వింటున్నారు. ఆయన నడిస్తే దారి మరీ దూరంగా ఇస్తున్నారు. బంతి దొర్లుకుంటూ ఆయన కాళ్ళ దగ్గర ఆగితే తీసుకోవడానికి ఎవరూ వెళ్ళలేదు. ఆయనే వంగి తీసి బుట్టలో వేశాడు. తర్వాత రోజూలాగే బుట్టలోని బంతులు లెక్కపెట్టాడు. పద్నాలుగు.

పదకొండు గంటలకు ఆయన కాఫీకి వచ్చాడు. వేడి గొట్టం పక్కన స్టూలు ఆయనది. ఆమె ఇత్తడి గిన్నెలో కాఫీ కాచి, నురగ పోకుండా పోసింది. చెప్పెయ్యాలి. 'ఆ ఫోటో నేనిచ్చాను.' మూడు మాటలు. నాలిక మీదికి వచ్చాయి కూడా.

"ఇవాళ శాలువా కప్పుకోలేదేం, స్తామెంకా గారూ?" అన్నాడు ఆయన కప్పులోకి చూస్తూ. "ఇక్కడ చలిగా ఉంది."

ఆమె చేతిలోని మూత జారి నేల మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

"ఉతికాను. ఆరలేదు," అంది.

"ఈ మంచులో తొందరగా ఆరదు," అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఆమె పనిలో తప్పులు చేసింది. మేజోళ్ళు జత తప్పాయి. నీలం చొక్కాలతో తెల్ల తువ్వాలు వేసింది. శనివారం ఏడు గంటలన్న మాట ఆమెను వదల్లేదు. అచ్చులో పడ్డ వేళకు నిజంగానే ఏదైనా జరిగితే? ఆయన గుండె ఆ బెంచీ మీదే ఆగిపోతే? ముప్పై ఏళ్ళ క్రితం భర్త ఇదే మార్చి మంచులో, నీళ్ళు కాచి ఉంచమని చెప్పి, గనికి వెళ్ళాడు. నీళ్ళు కాగి, చల్లారి, మళ్ళీ కాగాయి. అప్పటి నుంచి గడప దాటే ప్రతి మనిషి వీపునూ ఆమె గుర్తు పెట్టుకునేలా చూస్తుంది.

శుక్రవారం పని కాగానే గుడికి వెళ్ళింది. కొవ్వొత్తులు గుచ్చే ఇసుక పళ్ళేలు రెండు అరల్లో ఉంటాయి. బతికున్నవాళ్ళకు పై అర, పోయినవాళ్ళకు కింది అర. పై అరలో ఆమె ఒక కొవ్వొత్తి గుచ్చి, 'వుక్సాన్ కోసం' అని పెదవులతోనే అంది. తల దించితే కింది అరలో ఓ మూలగా, మూడు కొత్త కొవ్వొత్తులు ఒకదాన్నొకటి ఆనుకుని వెలుగుతున్నాయి.

"అవెవరివి?" అని గుడి ఊడ్చే ముసలాయన్ని అడిగింది.

"ఆ బాస్కెట్‌బాల్ ఆయనకి. పై వీధి ముసలమ్మలు పెట్టారు. నోటీసు చదివారట." ఆయన చీపురు మీద గడ్డం ఆనించాడు. "ఏం, పోలేదా?"

"పోలేదు."

"అయ్యో. మరి వాటిని ఆర్పెయ్యనా? ఆర్పకూడదే."

ఎవరో తలుపు తెరిచారు. గాలి వచ్చి పై అరలో ఆమె కొవ్వొత్తి ఆరిపోయింది. కింది మూడూ వంగి, మళ్ళీ నిటారుగా లేచాయి. ఆమె మళ్ళీ వెలిగించి, చెయ్యి అడ్డం పెట్టి, సగం కాలేదాకా అక్కడే నిలబడింది.

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి క్రీడామందిరం వెనక తలుపు ఎవరో తట్టారు. స్తామెంకా తీసింది. గడపలో ఒక ముసలామె. తల నుంచి కాలి దాకా నలుపు. చంకలో గుడ్డ కట్టిన గిన్నె, చేతిలో కొవ్వొత్తి. కొండ దారి బురద బూట్ల మీద ఎండిపోయి ఉంది.

"నేను ఇకోనియాని. వుక్సాన్ మేనత్తని," అంది ఆమె, రాత్రంతా ఏడ్చిన గొంతుతో. "తల్లి పోయాక పెంచింది నేనే. శవం ఎక్కడ పెట్టారమ్మా?"

"అమ్మా... ఎవరు చెప్పారు మీకు?"

"మా ఊరి బస్సు డ్రైవరు. మీ వంతెన దగ్గర స్తంభం మీద చదివాడట. రెండు రోజులు ఫోను చేశాం, ఎత్తడు. చచ్చినవాడు ఎలా ఎత్తుతాడు? గురువారం గుడిలో చావుగంట కొట్టించాం."

ప్రాక్టీసు వేళ ఫోన్లన్నీ ఒక బుట్టలో వెయ్యాలన్నది కోచ్ నియమం. తన ఫోనూ అందులోనే వేస్తాడు. బుధవారం నుంచి దాన్ని బుట్టలోంచి తియ్యనేలేదు. మోగే ప్రతిసారీ ఎవరో ఒకరు ఎగతాళిగా సంతాపం చెబుతున్నారట.

"అమ్మా, ఆయన బతికే ఉన్నాడు," అంది స్తామెంకా. "నోటీసు అబద్ధం."

ముసలామె నమ్మలేదు. ఓదార్చడానికి అనే మాట అనుకుని తల ఊపింది. స్తామెంకా ఆమె మోచెయ్యి పట్టుకుని చీకటి నడవాలోంచి తీసుకెళ్ళింది. కోర్టు తలుపు అవతల ఒకే ఒక బంతి నేలకు కొట్టుకుంటున్న శబ్దం. ఆగి, మళ్ళీ. ముసలామె ఆగిపోయింది.

"చిన్నప్పుడు కొట్టం గోడకి ఇలాగే కొట్టేవాడు," అంది. సిలువ గుర్తు వేసుకుంది. తలుపు తోసింది.

ఆయన ఒంటరిగా బాస్కెట్ కింద నిలబడి ఉన్నాడు. ఆటగాళ్ళు అవతలి గోడ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ముసలామె పరిగెత్తలేదు, అరవలేదు. గిన్నె చంకలో అలాగే పెట్టుకుని, బురద బూట్లతో మెరిసే చెక్కనేల మీద నడిచి వెళ్ళి, రెండు వేళ్ళతో ఆయన చెంప గట్టిగా గిల్లింది.

"అత్తా," అన్నాడు ఆయన.

"అత్తా నీ బొంద! గంట కొట్టించానురా నీకు! ఊరంతా వచ్చి ఏడ్చారు. పొరుగు ముసలాడు నీకు చావు బాకా ఊదాడు. ఒక్క ఫోను ఎత్తడానికి నీకేం రోగం?"

గోడ దగ్గర ఎవరో తలదించుకుని నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. కోచ్ చెంప రుద్దుకున్నాడు. ఆయన ముఖంలోకి మూడు రోజుల్లో మొదటిసారి ఎవరో సూటిగా చూస్తున్నారు. ఆయనకు కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"గిన్నెలో ఏంటి?"

ఆమె గుడ్డ విప్పింది. ఉడికించిన గోధుమలు, పైన పంచదార, అక్రోటు పప్పుతో సిలువ. పోయినవాళ్ళ పేర వండేది. "ఇప్పుడు దీన్నేం చెయ్యనురా?" అంది నిస్సహాయంగా. "పారెయ్యకూడదు. ఇంటికి తిరిగి తీసుకెళ్ళకూడదు."

"స్తామెంకా గారూ, ఒక చెంచా ఇస్తారా?"

ఆమె కాఫీ చెంచా తెచ్చింది. తెచ్చేటప్పుడు సంచి అడుగు నుంచి శాలువా తీసి కప్పుకుంది.

ఆయన ఒక చెంచా గోధుమలు తీసుకుని, తినే ముందు అనవలసిన మాట అన్నాడు. "దేవుడతన్ని క్షమించుగాక." నమిలాడు. "పంచదార ఎక్కువైంది, అత్తా."

"చచ్చినవాడివి, నోరు మూసుకుని తిను," అంది ఇకోనియా. కళ్ళు తుడుచుకుంది.

ఒక్కొక్క ఆటగాడూ వచ్చాడు. అదే చెంచా. అదే మాట. ఎవరిని క్షమించమంటున్నారో ఎవరికీ స్పష్టంగా తెలియదు. చివర స్త్రాహిన్యా వచ్చాడు. చెంచా పట్టుకుని తినలేకపోయాడు.

"నాకు తెలుసు కోచ్. అంటించకముందే తెలుసు. వద్దని చెప్పలేదు."

"ఫోటో ఇచ్చింది నేను," అంది స్తామెంకా. "పటం కడతారనుకుని ఇచ్చాను. కానీ బుధవారమే తెలిసింది. చెప్పలేదు."

కోచ్ ఆమె భుజం మీది ఎర్రపువ్వుల వంక చూశాడు.

"ఆరిందన్నమాట," అన్నాడు. ఆయనకు మొదటి రోజే తెలుసని ఆమెకు అప్పుడు అర్థమైంది. తెలిసే రోజూ వచ్చి ఆ స్టూలు మీద కూర్చుని కాఫీ తాగాడు. ఈ మూడు రోజులూ ఆయనకు కప్పు చేతికి అందించింది తనొక్కతే. తను కూడా ఆయన ముఖం చూడకుండానే అందించింది.

ఆయన జేబులోంచి కాగితం తీసి అంకెలు రాశాడు. నీలం చొక్కాల వరసలో మూడోది తొమ్మిది. ఆమె రెండుసార్లు చదివింది.

"తొమ్మిదేనా?"

"తొమ్మిదే. చచ్చినవాడికి పంతాలేముంటాయి?" స్త్రాహిన్యా వైపు తిరిగాడు. "తిను. సాయంత్రం పరిగెత్తాలి."

ఆరున్నరకే జనం కూర్చునే అరుగులు నిండిపోయాయి. అందరూ నలుపులో వచ్చారు. రాదిశ డప్పుకు నల్లగుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని, కొట్టకుండా కూర్చున్నాడు. ఎనిమిది వందల మంది. ఈలలు లేవు, పాటలు లేవు, దగ్గు కూడా లేదు. కోచ్ లోపలికి రాగానే మొత్తం జనం లేచి నిలబడ్డారు, శవాన్ని తెచ్చినప్పుడు నిలబడినట్టు. తర్వాత ఒక్కసారిగా కూర్చున్నారు. ఆటగాళ్ళ బూట్లు నేలను రాసుకున్న కీచు శబ్దం ఒక్కటే. ఎదుటి జట్టు వాళ్ళు భయంగా పైకి చూస్తున్నారు.

గోడ గడియారం ఏడుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. స్తామెంకా తువ్వాళ్ళ దొంతర పట్టుకుని చాకిరేవు గదిలోంచి బయటికి వచ్చింది. బెంచీకి దగ్గరి దారి ఉంది. ఆమె ఆ దారిన వెళ్ళలేదు. కోర్టు గీత వెంట, అరుగుల కింద నుంచి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఎర్రపువ్వులు దీపాల కింద భగ్గుమన్నాయి. ముందు వరసలో ఎవరో "అదిగో" అన్నారు. ఆ మాట వరస నుంచి వరసకు పాకింది. నాలుగు రోజులుగా స్తంభం మీద బూడిదరంగులో చూసిన భుజం ప్రాణంతో నడిచి వెళుతోంది. రాదిశ సగం లేచాడు. "వదినా," అన్నట్టు పెదవులు కదిలాయి.

ఆమె వెళ్ళి కోచ్ పక్కన, ఫోటోలో నిలబడ్డ వైపే, నిలబడింది. ఆయన ఆమె వైపు చూడలేదు. కానీ చోటిచ్చినట్టు ఒక అడుగు జరిగాడు.

ఏడయింది. బూర మోగింది. స్తామెంకా కళ్ళు మూసుకుని, పక్కన ఆయన ఊపిరి కోసం వింది. వినిపించింది. లోపలికి, బయటికి. గోధుమల తీపి వాసన.

తొమ్మిదో నంబరు బంతి అందుకున్నప్పుడు పైన ఎక్కడో ఒక ఆడగొంతు, "స్త్రాహిన్యా, పరిగెత్తరా!" అని కేక వేసింది. ఆ కేకతో గోడ కూలినట్టయింది. ఆ తర్వాత డప్పు మీది గుడ్డ ఎప్పుడు తీశారో, ఎవరు తీశారో ఆమె చూడలేదు. మూడు పాయింట్ల తేడాతో గెలిచారు. జట్టు లీగులో నిలిచింది. జనం కోర్టులోకి దూకి స్త్రాహిన్యాను ఎత్తుకున్నారు. కోచ్‌ను ఎవరూ తాకలేదు. ఆయన బంతులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున వాన. కోచ్ ఇకోనియాతో కొండ బస్సు ఎక్కుతున్నాడు.

"వెళ్ళి కనపడి రావాలి," అన్నాడు. "గంట కొట్టిన ఊరు. నేను కనపడకపోతే వాళ్ళు నలభయ్యో రోజు కర్మ కూడా జరిపిస్తారు."

"మళ్ళీ వస్తారా?" అని అడిగేసింది స్తామెంకా. ఎవరినీ అడగని ప్రశ్న అది.

"ప్రాక్టీసు ఆగస్టు రెండున. బంతులు పద్నాలుగు. తాళం వేసే ముందు చూసుకోండి."

బస్సు మలుపు తిరిగేదాకా ఆమె ఆయన వీపును, అద్దం అవతల మసకగా, చూస్తూనే ఉంది. ఆయన కూడా వెనక్కి తిరిగి చూశాడేమో. వానలో తెలియలేదు.

స్తంభం దగ్గర నోటీసు చిరిగిపోయింది. రాత్రి గాలికి కుడి అంచు తప్ప మిగతాదంతా ఊడి కొట్టుకుపోయింది. ముఖం లేదు, పేరు లేదు, కలంతో దిద్దిన వయసు లేదు. కుడి అంచుకు కొట్టిన రెండు మేకులు మాత్రం గట్టిగా ఉన్నాయి. నల్లంచు ముక్కను ఆనుకుని, పువ్వుల శాలువా కప్పుకున్న భుజం ఒక్కటే మిగిలింది.

ఆమె గుడికి వెళ్ళింది. లోపల మిలుంకా కొవ్వొత్తుల దగ్గర నిలబడి ఉంది. స్తామెంకాను చూసి, ఆమె శాలువాను చూసి, తెల్లబోయింది.

"ఇప్పుడే వంతెన దగ్గర చూశానే," అంది గుసగుసగా. "నువ్వొక్కదానివే మిగిలావు దాని మీద. మనసు ఒకలా అయిపోయింది. నీ పేరున ఒకటి వెలిగిద్దామని వచ్చాను."

కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. మిలుంకా చెయ్యి రెండు అరల మధ్య గాలిలో ఆగి ఉంది. పైకి వెళ్ళదు, కిందికి దిగదు. మైనం చుక్క ఒకటి జారి కింది ఇసుకలో పడింది.

స్తామెంకా చెయ్యి చాచింది. మిలుంకా వేళ్ళు ఉలిక్కిపడి వెనక్కి వెళ్ళబోయాయి. ఆమె వదల్లేదు. చల్లగా ఉన్న ఆ వేళ్ళను తన వేళ్ళతో గట్టిగా పట్టుకుని, కొవ్వొత్తిని వాటిలోనే ఉంచి, పైకి ఎత్తి, పై అరలో గుచ్చింది.

"ఇక్కడే," అంది. "రేపు పొద్దున రొట్టె కూడా నా చేతికే ఇవ్వు."